గోదావరి పాకిస్తాన్‌కు పోయిందట!

మొన్న మా ఇంట్ల ఒక చావు జరిగింది. ఎవరూ సావలే! అదెట్ల అంటరా? చెప్త.

మంచిర్యాలల చెల్లెను చూసి రైల్ల వస్తున్న. గోదావరి వంతెన మీదికి రాంగనే అందరు పైసలు ఏస్తున్నరు. నేను గూడ ఒక అణా ఏసి దండం పెట్టిన.

"తల్లీ, నా కొడుకును సల్లగ జూడు!"

ఎదురుంగ కూసున్న పెద్దమనిషి అడిగిండు. "కొడుకు ఏం చేస్తడమ్మా?"

"నేవీల. యుద్ధం ఓడ మీద. ఆ ఓడ పేరు గూడ గోదావరే!" జర గర్వంగనే చెప్పిన.

ఆయన మొఖం మారింది. "తెల్లోళ్ల కాలంల నేను గా ఓడ మీదనే చేసిన. అది పాకిస్తాన్‌కు పోయింది గదమ్మా! దేశం పంచుకున్ననాడు ఓడలు గూడ పంచుకున్నరు. గోదావరి వాళ్ల పాలుకు పోయింది."

ఇంకేదో చెప్తనే ఉన్నడు. నా చెవులకు ఎక్కలే. మావోడు ఆ ఓడ ఎక్కింది పోయినేడే! అంటే పాకిస్తాన్ల ఉన్నడా? లేకుంటే మాకు అబద్ధం చెప్పి బొంబాయిల ఏ హోటల్లనో కప్పులు కడుగుతుండా? రెండిట్ల ఏది నయమో తెలుస్తలే.

రైలు దిగుడు దిగుడే పోస్టాఫీసుకు ఉరికిన. పోస్టుమాస్టర్ కొత్తాయన, కోస్తా దిక్కు నుంచి వచ్చిండు.

"మా పెద్దోడికి టెలిగ్రాం కొట్టుండ్రి సార్. జల్ది రమ్మనుండ్రి."

"పేరు?"

మావోడికి మా మామ పేరే పెట్టుకున్నం. మామ పేరు కోడలు నోట్ల రావద్దు గదా! పుట్టినకాన్నుంచి వాడు నాకు 'పెద్దోడే'.

"మా మామ పేరే సార్."

"మీ మామగారి పేరేమిటి?"

"నేనెట్ల చెప్త సార్!"

"పోనీ, ఆయన్నే పిలవండి."

"ఇంకెక్కడి మామ సార్... సచ్చిపోయిండు!"

అప్పటిదాంక ఆపుకున్న ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చింది. కొడుకు మీది దుఃఖం అది. ఆయనకేం తెలుసు?

"ఊరుకోండమ్మా, పెద్దప్రాణం. అంతా నేను రాస్తానుగా" అన్నడు. పోస్ట్‌మాన్‌ను పిలిచి కొడుకు పేరు, అడ్రసు అడిగి తెలుసుకున్నడు. ఇంగ్లీషుల ఏదో రాసి కొట్టిండు. ఎంత మంచోడనుకున్న!

ఆ వారంలనే ఇంటి ముందట టాంగా ఆగింది. పెద్దోడు దిగిండు. వాని ఎనుక జమ్మికుంటల ఉండే మా బాపు. మెడల పూలదండ!

"బిడ్డా, నా దినాలకు ఏం వండుతున్నవే?"

నాకేం సమజ్ కాలే. పెద్దోడు టెలిగ్రాం తీసి తెలుగుల చదివిండు. 'తాత చనిపోయారు. వెంటనే బయలుదేరు.'

వానికున్న తాత ఒక్కడే, మా బాపు. ఏడ్సుకుంట, దండ పట్టుకొని జమ్మికుంటల దిగిండట. బాపు అరుగు మీద కూసొని చుట్ట తాగుతుండట! "ఎవలికిర దండ?" అన్నడట.

"పైసలు పెట్టి కొన్నడు, పారేస్తమా? నేనే ఏసుకున్న" అన్నడు బాపు.

నేను కొడుకును తడిమి తడిమి చూసిన. "పాకిస్తాన్ నుంచి ఎట్లొచ్చినవ్ కొడుకా?"

వాడు నెత్తి పట్టుకున్నడు. "అవ్వా, పోయింది పాత గోదావరి! వాళ్లు దానికి వేరే పేరు పెట్టుకున్నరు. మన దగ్గర పేరు ఖాళీగ ఉండె. తెల్లోళ్ల కాడికెల్లి ఇంకో ఓడ తెచ్చి దానికి పెట్టిండ్రు. ఓడ పోయినా మంచి పేరును పోనియ్యరు. మీరు నాకు తాత పేరు పెట్టలేదా? గట్లనే!"

పోస్టాఫీసుల జరిగిన ముచ్చటంత చెప్పి అడిగిన. "మరి లీవు?"

"నేను పుట్టకముందే పోయిన తాత కోసం మా ఆఫీసరు భుజం తట్టి మరీ ఇచ్చిండు!"

మా ఇంటాయన ఊకుంటడా? "ఒక్కసారి మా బాపు పేరు చెప్తే నీ నోరు పడిపోతుండెనా?"

మామ పేరు నోట్ల రాకుండ కాపాడుకున్న. మనిషిని మాత్రం మల్లొకసారి సంపిన.