ఆపుకున్న రెండో తుమ్ము

ఒక తుమ్ము ఎంత బరువుంటుంది? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. పదిహేడేళ్లుగా నేనొక తుమ్మును మోస్తున్నాను. అది బయటికి వచ్చిన తుమ్ము కూడా కాదు, వస్తుంటే నొక్కిపెట్టింది. కాంట్రాక్టు మారినప్పుడల్లా దాన్ని దేశం నుంచి దేశానికి మోసుకుపోయాను. విమానాశ్రయంలో సామాను తూచేవాళ్లెవరూ దాన్ని పట్టుకోలేదు. ఇవాళ మీ ముందు దించుకుంటాను. నా పేరు మాత్రం అడగకండి. నా క్లాసులకు వచ్చినవాళ్లు ఇది చదివితే ఎలాగూ గుర్తుపడతారు, పట్టనీ.

నేను విదేశాల్లో ఇంటర్నేషనల్ స్కూళ్లలో సైన్సు చెబుతాను. మొదట మస్కట్, ఇప్పుడు కౌలాలంపూర్. సెలవులకు నెల్లూరు వచ్చినప్పుడు, అలాంటి ఉద్యోగాలకు వెళ్లాలనుకునే టీచర్లకు మా చర్చి హాల్లో ఒక పూట క్లాసు తీసుకుంటాను, ఊరికేనే. జీతం ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, ఇల్లు వాళ్లిస్తారా, పిల్లల ఫీజు ఎవరు కడతారు, ఏటా ఇంటికి టికెట్ ఇస్తారా అని ముందే అడగండి, అంటాను. అక్కడ మనకు పెన్షను ఉండదు కాబట్టి ముసలితనం గురించి మొదటి జీతం నుంచే ఆలోచించండి, అంటాను. కాంట్రాక్టు రెండేళ్లదే అయినా మీ ఆలోచన పదేళ్లది కావాలి, ఎప్పుడు తిరిగి రావాలో వెళ్లకముందే అనుకోండి, అని బోర్డు మీద గీత గీసి మరీ చెబుతాను. చివర్లో ఎవరో ఒకరు లేచి, "మేడం, మీ కెరీర్‌కి పునాది ఏంటి?" అంటారు. నేను గొంతు సవరించుకుని "ప్లానింగ్" అంటాను. అందరూ చప్పట్లు కొడతారు.

పచ్చి అబద్ధం. నా కెరీర్‌కి పునాది ఎండుమిరపకాయల ఘాటు. అసలు సంగతి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

అప్పట్లో నెల్లూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేదాన్ని. నాతోపాటు ఒక అక్క పనిచేసేది. ఆమెను కామాక్షక్క అందాం, అసలు పేరు వేరే. ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం. నాది కొడవలూరు వైపు, వరి పొలాల మధ్య చిన్న చర్చి ఉన్న ఊరు. ఆమెది మైపాడు. నాన్న, అన్నలు, అందరూ సముద్రం మీద వల వేసి బతికేవాళ్లే. వాళ్ల వీధిలో బీఎడ్ చదివిన మొదటి మనిషి ఆమె. పాఠం ఎలా చెప్పేదంటే, గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు. నా క్లాసులోనా? గంట ఎప్పుడు కొడతారా అని నేనే గడియారం చూసేదాన్ని. ఈ తేడా నాకు అప్పుడూ తెలుసు. ఒప్పుకోవడమే ఇప్పుడు.

మస్కట్‌లో ఒక స్కూలుకు సైన్సు టీచరు కావాలని తెలిసి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇద్దరికీ చెన్నైలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆమెకు పొద్దున, నాకు మధ్యాహ్నం. ఉన్న ఉద్యోగం ఒక్కటే. ఎవరికొచ్చినా రెండోవాళ్లకు బిర్యానీ తినిపించాలని ఒప్పందం చేసుకున్నాం. ఆ మాట అన్నప్పుడు నేను మనసారా అన్నానా? అన్నాననే అనుకుంటున్నాను. కానీ ఇంటర్వ్యూకి ముందటి ఆదివారం మా నాన్న చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, మా అమ్మాయికి ఫారిన్‌లో ఉద్యోగం వచ్చిందని దేవునికి స్తోత్రం చెప్పేశాడు. వస్తుందని కాదు, వచ్చేసిందని. ఆరాధన అయ్యాక ఊరంతా నాతో చేతులు కలిపారు. ఒకావిడైతే మస్కట్‌లో ఖర్జూరాలు చవకంట, వచ్చేటప్పుడు తెమ్మంది. ఇక ఆ ఉద్యోగం రాకపోతే నేను ఊళ్లో తల ఎత్తుకోలేను. అప్పుడు నాకు పట్టుకున్న భయం అదే.

ఇంటర్వ్యూ రోజు పొద్దున కామాక్షక్క నీలం చీర కట్టుకుంది. సంచిలో చిన్న వల ముక్క పెట్టుకుంది, పాఠం చెప్పి చూపించమంటారని. దేవుడి పటానికి దండం పెట్టి గడప దాటబోయింది. సరిగ్గా అప్పుడే పక్కింట్లో తాలింపు వేశారు. ఎండుమిరపకాయల ఘాటు గదిలోకి వచ్చింది. నేను తుమ్మాను. నిజమైన తుమ్మే, దేవుడి తోడు.

బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము అపశకునమని మీకు తెలుసు. వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి బయలుదేరాలి. జంట తుమ్మయితే శుభం, నిక్షేపంగా వెళ్లొచ్చు. మా ఇంట్లో ఇవేవీ లేవు. తుమ్మితే ముక్కు తుడుచుకుంటాం, అంతే. కానీ సముద్రం మీదికి పోయేవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషికి గడప దగ్గరి తుమ్ము చిన్న విషయం కాదు. ఆమె ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది.

"ఏమే, తుమ్మినావా?"

"మిరపకాయల ఘాటక్కా."

"ఘాటయితే ఇంకోటి వస్తాది గదా. రానీ. రెండోది వస్తే మంచిదే, పోతా."

అలాగే నిలబడి నా ముక్కు వైపు చూస్తోంది. నా జీవితంలో నా ముక్కును అంత ఆశగా చూసినవాళ్లు ఇంకెవరూ లేరు. రెండోది వచ్చింది కూడా. ముక్కు దూలం దాకా వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేను నాలుకను అంగిట్లోకి నొక్కిపట్టి, ముక్కు గిల్లుకుని, దాన్ని ఆపేశాను.

"వచ్చేట్టుండాదా?"

"రాదక్కా. పోయింది."

"అట్నా," అని చెప్పులు విడిచి లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. నీళ్లిచ్చింది నేనే. "రైలు యాడికి పోతాదిలే, రోజూ లేటే గదా," అంది. ఆ రోజు రైలు సమయానికి వచ్చింది.

ఎన్నిసార్లు ఆలోచించానో. మొదటి తుమ్ము నాది కాదు, మిరపకాయలది. రెండోది నాది. మనిషి తుమ్మును ఆపుకోవడం పాపమా? సినిమా హాల్లో, ప్రార్థనలో, పెళ్లిచూపుల్లో అందరూ ఆపుకుంటారు కదా? ఇలా చాలా ఏళ్లు వాదించుకున్నాను. శకునాలు నేను నమ్మను, నమ్మని దానికి బలం ఎక్కడిది, బలం లేనిదానితో నేను చేసిన చెడు ఏముంది అని కూడా వాదించాను. బాగానే ఉంది వాదన. కాకపోతే ఆ గడప దగ్గర నిలబడింది నేను కాదు, ఆమె. నేను నమ్మను, ఆమె నమ్ముతుంది, ఆ తేడా ఎంతో కొలిచి మరీ వాడుకున్నాను. పైగా "రాదక్కా" అన్నాను. అది తుమ్ము కాదు, మాట. మాటకు మిరపకాయలు కారణం కావు.

తర్వాతి రైలుకు ఇద్దరం కలిసే వెళ్లాం. చెన్నైలో ఇంటర్వ్యూ జరిగే హోటలుకు చేరేసరికి ఆమె సమయం దాటిపోయింది. ఇంటర్వ్యూ చేస్తున్న తెల్లావిడ చాలా మర్యాదగా, ఈ రోజు ఇక ఖాళీ లేదని చెప్పింది.  అప్పుడు కామాక్షక్క ఏం చేసిందో తెలుసా? నన్ను హోటలు మెట్ల పక్కన కూర్చోబెట్టి, సంచిలోంచి ఆ వల ముక్క తీసి, తాను చెప్పాల్సిన పాఠం నాకు నేర్పింది. వల పైఅంచుకు బెండ్లు, కింది అంచుకు సీసం గుళ్లు. నీళ్లలో వేస్తే బెండు పైకి లాగుతుంది, సీసం కిందికి లాగుతుంది, వల గోడలా నిలబడుతుంది. తేలడం, మునగడం, రెండూ ఒకే పాఠంలో. "నాది ఎట్నో పోయింది. నువ్వన్నా కొట్టుకురా," అంది.

కొట్టుకొచ్చాను. గాజు తొట్టి తెప్పించుకుని ఆ వల నిలబెట్టేసరికి తెల్లావిడ కుర్చీలోంచి లేచి వచ్చి చూసింది. మెట్ల దగ్గర ఆగిపోయిన పాఠం నా నోటితో మస్కట్ చేరింది. ఆ సాయంత్రం బిర్యానీ నేనే తినిపించాను. ఆమె రెండోసారి పెట్టించుకుని తింది, నా పళ్లెంలో ముక్కలు కూడా ఆమెకే వేశాను. అయినా సిగ్గు లేకుండా ఇంకో సంగతీ చెప్పాలి. ఆ తర్వాతి ఏళ్లు నాకు చాలా బాగున్నాయి. సముద్రం ఎదురుగా ఇల్లు, మంచి పిల్లలు, మా నాన్నకు కొత్త సాక్ష్యాలు, ఖర్జూరాలు. తప్పు చేసినవాళ్లకు నిద్ర పట్టదంటారు, నాకు బ్రహ్మాండంగా పట్టేది.

పట్టనిది ఎప్పుడంటే, ఆమెతో మాట్లాడినప్పుడు. మస్కట్‌లో ఇంకో ఖాళీ వస్తే ఆమెకు ఫోన్ చేశాను. రానంది. తర్వాత మాల్దీవుల నుంచి ఎవరో పిలిస్తే దానికీ రానంది. కారణం అడిగితే, "ఆ పొద్దు తుమ్ముతోనే తెలిసిపోయిందమ్మా, నీళ్లు దాటే రాత నాకు లేదు," అంది. పొద్దున లేస్తే నీళ్లు దాటే ఇంట్లో పుట్టిన మనిషి ఆ మాట అంటుంటే నేను ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాను. ఆమెకు ఒక్క రైలు మాత్రమే తప్పించానని అనుకుంటూ వచ్చాను. కాదు. ఆమె దాన్ని దేవుడి మాటగా పెట్టుకుని, దాని చుట్టూ జీవితం కట్టుకుంది. బాగానే కట్టుకుంది, నెల్లూరులో ఒక స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్ అయింది, పిల్లలు ఆమె చుట్టూ తిరుగుతారు. కానీ వెళ్లాలని ఆమెకు ఎంత ఉండేదో ఆ గదిలో ఉన్న నాకు తెలుసు. దేశాల పటం ముందు పెట్టుకుని అన్నం తినేది.

ఈ వేసవిలో మా చర్చి హాల్లో క్లాసుకు ఆమె వచ్చింది, తన స్కూలు టీచర్లను వెంటబెట్టుకుని. చివర్లో మైకు తీసుకుని, మేమిద్దరం ఎలా బయలుదేరామో, తుమ్ము ఎలా అడ్డం వచ్చిందో చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించింది. "ఆమెకు రాసుండాది, నాకు లేదు, అంతే," అని నా భుజం తట్టి కూర్చుంది. నేనూ నవ్వాను. అంత గట్టిగా నవ్వినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

మా కౌలాలంపూర్ స్కూల్లో ఇప్పుడు సైన్సు విభాగానికి పెద్దను వెతుకుతున్నారు. ఆమె పేరు చెబుదామనుకున్నాను. చెబితే మళ్లీ ఆ తుమ్మును చూపించి కాదంటుంది. అందుకే మర్నాడు ఆటో ఎక్కి మైపాడు వెళ్లాను. మధ్యాహ్నం, పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. సెలవులకు వచ్చిన కామాక్షక్క వాళ్లమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది. పక్కన కూర్చుని, ఏమీ దాచకుండా మొత్తం చెప్పేశాను. క్షమించమని అడగలేదు. అడిగితే పోనీలే అంటుంది, ఆమె మనసు అలాంటిది. ఆ మాట నాకంత చవగ్గా దొరకకూడదనిపించింది.

 "ఎట్టా ఆపినావు?" అంది ఆమె. సైన్సు టీచరు కదా. నాలుక అంగిట్లో పెట్టి చూపించాను. ఆమె కూడా పెట్టి చూసుకుంది. మామూలుగా అయితే ఇద్దరం పడి పడి నవ్వేవాళ్లం. ఆమె నవ్వలేదు.

"ఇన్నేళ్లూ దేవుడు ఆపినాడనుకున్నా," అంది. "నువ్వా."

 తల దించుకుని కూర్చున్నాను. ఇంట్లోంచి వాళ్లమ్మ మమ్మల్ని అన్నానికి పిలిచింది. ఇద్దరం లేవలేదు.

"ఆ స్కూలోళ్లు ఏ వయసు దాకా తీసుకుంటారు?" అని అడిగింది చివరికి, సముద్రం వైపు చూస్తూ.

ఆమె వయసు సరిపోతుందని చెప్పాను. ఇంటర్వ్యూకి ఎక్కడికీ వెళ్లక్కర్లేదని, ఇంట్లోనే వీడియోలో మాట్లాడొచ్చని చెప్పాను. ఆమె లేచి చీర దులుపుకుంది.

"అయితే ఒకటి. ఆ రోజు నువ్వు మాత్రం మా ఇంటికి రాబాకు."

నవ్వుతూ అన్నదో కాదో తెలియదు, ముఖం అటు తిరిగి ఉంది. రానక్కా, అన్నాను. ఆమె అన్నానికి లోపలికి వెళ్లింది, నన్ను రమ్మనలేదు. తిరుగు ఆటోలో నెల్లూరు దగ్గర పడుతుండగా డ్రైవరు అద్దంలోంచి నన్నే చూస్తుంటే ఎందుకా అనుకున్నాను. నాకు తెలియకుండానే నేను పైకే పాట పాడుతున్నాను.