బాపు ఫోన్‌లో చెప్పిన ఎడారి గడ్డి

ఇవాళ వాన వెలిశాక కోరుట్ల బస్టాండు లైటు చుట్టూ ఉసిళ్లు ముసిరాయి. తొలివానకు పుట్టలోంచి లేచే ఈ రెక్కల పురుగుల్ని ఉప్పేసి వేయించుకుని తిన్నవాళ్లం మన పల్లెలవాళ్లం. గుర్తుందా?

నాకు తొమ్మిదేళ్లప్పుడు వాన బాగా ఆలస్యమైంది. పెగడపల్లిలో మా చేను పక్కన పుట్ట దగ్గర, గిన్నె పట్టుకుని రోజూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. చివరికి ఉసిళ్లు లేచాయి. మస్కట్‌కు కూలికి పోయిన బాపు లేకుండా తిన్న మొదటి ఉసిళ్లు అవి.

చలికాలంలో బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, గీడ పోయిన వారం వాన పడ్డది. ఇసుకల సన్నగ గడ్డి మొలిసింది. ఒంటెలు మేస్తున్నయి."

"ఉసిళ్లు లేసినయా బాపూ?"

"లేదు బిడ్డా. మన పురుగు ఒక్కటి గూడ కనవడలే. గా పచ్చగడ్డి జూసి ఎవలకన్న చెప్పాలనిపిచ్చింది. గీడ నాకెవలున్నరు? గందుకే నీకు జేసిన."

"గడ్డి ఎంత పొడుగున్నది?" అని అడిగాను. ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయేదాకా బాపు ఆ గడ్డి గురించే చెప్పాడు.

పక్కనే నిలబడ్డ అమ్మ వంతు రాకుండానే లైను కట్టయింది. అమ్మ కోప్పడలేదు. ఫోన్ పెట్టేసి మెల్లగా అడిగింది.

"గాడ వాన పడ్డదటనా బిడ్డా?"