కొత్త బోర్డుకు పాత నంబరు

మొన్న ఇక్కడ గుజరాత్‌లో, మా అమ్రోలిలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్లో స్టూలు మీద కూర్చుని చూసినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు ఝల్లుమంటుంది. చెబుతున్నది నేను, రాస్తున్నది నా మనవరాలు. నాకు రాయడం వచ్చిన అక్షరాలు నాలుగే, వాటి సంగతి తర్వాత చెబుతాను.

తప్పు నాదే. దసరానాడు మగ్గానికి పసుపు కుంకుమ పెట్టే ఇంటిదాన్ని. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు, అన్నం పెట్టేది మనవరాలి ల్యాప్‌టాపే కదా అని దాన్ని పీట మీద పెట్టి, మామిడాకుతో మీటల నిండా పసుపునీళ్లు చల్లాను. అంతకుముందు దాని అడుగున అంటించి ఉన్న చీటీని కొబ్బరినూనె రాసి గోటితో శుభ్రంగా గోకేశాను కూడా. ఖటోదరా మిల్లులో ఇరవై ఏళ్లు నూలు చుట్టిన చేతులివి, ఖాళీ బాబిను మీద పాత చీటీ కనబడితే గోకనిదే ఊరుకోవు. సాయంత్రానికి ల్యాప్‌టాప్ కన్ను తెరవలేదు. "ఏంది నానమ్మా, గది దేవుడా, నీళ్లు చల్లనీకి!" అని కేకలేసిన పిల్ల, కాసేపటికి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఉద్యోగంలో చేరి రెండు నెలలే అయింది. ఆ ల్యాప్‌టాప్ నంబరు ఆఫీసువాళ్లు రాసిపెట్టుకున్నారట, ఆ నంబరుదానికే పని తెరుచుకుంటుందట. సోమవారం పొద్దున అది తెరుచుకోకపోతే ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు.

కొట్టాయన గుజరాతీవాడు, నా కొడుకు ఈడువాడు. మూత విప్పి, లోపలి పచ్చ పలక, బోర్డంటారట, దాని మీద ఎండిన పసుపు చూసి, "బా, ఇస్కో భీ హల్దీ లగాయీ? శాదీ థీ క్యా?" అని నవ్వాడు, దీనికీ పసుపు పూసి పెళ్లి చేశానన్నట్టు. ఆ పలక చచ్చిపోయిందని తీసి బల్ల మీద పడేసి కొత్తది బిగించాడు. వెలుగు వచ్చింది కానీ ఆఫీసు పని తెరుచుకోలేదు. కొత్త బోర్డుకు నంబరంటూ ఏదీ లేదట, పేరు పెట్టని పసిగుడ్డులాంటిదట. పాతదాని నంబరు తానే అందులో ఎక్కిస్తానని, అడుగున చీటీ చూసి చెప్పమని ల్యాప్‌టాప్ తిరగేశాడు. అడుగున నున్నగా, కొబ్బరినూనె మెరుపు తప్ప ఏమీ లేదు.

ఇంకోదాని నంబరైనా వేసి పని కానివ్వమని పిల్ల బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. పరాయి నంబరు వేయడట, ఇది దీని నంబరే అని కళ్లతో చూస్తేగానీ మీట ముట్టడట. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె నా మంచం కింద ఉంది, నా మిల్లు కార్డు, మా ఆయన ఫొటో అందులోనే దాచుకున్నాను. ఆటోలో పోయి పెట్టె తెచ్చాను. పక్కన అంటించిన నంబరు పిల్ల చదువుతుంటే ఆయన ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ఆపి మళ్లీ పెట్టేసరికి ఆఫీసు పని తెరుచుకుంది. పిల్ల ఎగిరి నన్ను వాటేసుకుంది. నేను మాత్రం బల్ల అంచు పట్టుకున్నాను. అసలుది పక్కన చచ్చి పడి ఉంటే, కొత్తది దాని నంబరుతో పలుకుతోంది.

నేనూ అట్లాగే పలికాను.

మా ఆయన పోయినప్పుడు కొడుక్కి ఆరేళ్లు. మా యారాలు, అంటే మా బావగారి భార్య, అదే మిల్లులో పనిచేసి జబ్బుపడి ఊరికి పోయి ఉంది. మేస్త్రీ మనవైపువాడే. "కొత్త కార్డు గిట్ల దొరకది వదినా. అక్క కార్డు ఖాళీగనే ఉంది, జర అక్క పేరుకే పలుకు" అన్నాడు. ఆమె తిరిగొచ్చేదాకానే కదా అనుకున్నాను. సంతకం కావాలంటే మా బావగారే పలక మీద తన భార్య పేరు నాచేత దిద్దించాడు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలు అవే. రెండో ఏడు, ఆమె పోయిందని ఊరినుంచి కబురొచ్చింది, బావగారు ఏడుస్తూ రైలెక్కాడు. మర్నాడు పొద్దున మిల్లులో హాజరు పిలుస్తూ ఆమె పేరు చదివారు. నా పక్కన నిలబడ్డ మనవాళ్లమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను "హాజిర్" అన్నాను. నా గొంతు నాకే పరాయిదిగా వినబడింది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు, చనిపోయిన మనిషి పేరుకు రోజూ పలికాను. నీదేనా ఈ పేరు అని ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ఆ మిల్లు చోట ఫ్లాట్లు లేచాయి. మనుషులు ఎంత మారారో నాకు తెలియదు కానీ, ఒక పచ్చ పలక మీద పరాయి నంబరు వేయనని మొండికేసిన కొట్టాయనను చూశాక, ఆనాడు నన్నూ అట్లా ఒక్కడు ఆపి అడిగి ఉంటే ఏమయ్యేదా అనిపిస్తుంది. పని పోయేది, పిల్లాడు పస్తులుండేవాడు. అయినా అడిగి ఉంటే బాగుండేది.

ఇదంతా రాశాక మనవరాలు కాగితం నా ముందుకు జరిపి, కింద నీ పేరు పెట్టు నానమ్మా అంది. నాకు వచ్చిన ఆ నాలుగు అక్షరాలే పెట్టాను. పిల్ల అది చదివి, కొట్టేయమంటావా అని అడిగింది.

ఉండనీ అన్నాను.