దిండు తీసేసిన రోజు

కౌలాలంపూర్ విమానాశ్రయంలో నన్ను సాగనంపుతూ మా అమ్మ ఒకటే మాట అంది: "తెలుగువాళ్ళ దగ్గరికే కదా వెళ్తున్నావు, నీకేం కొత్త?" నేనూ అదే అనుకున్నాను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు వెళ్ళాడు. మాది నాలుగో తరం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చదవడం రాయడం ఆదివారం బడిలో నేర్చుకున్నాం. ఫిజియోథెరపీ ఆఖరి ఏడాదిలో ఇంటర్న్‌షిప్‌కు ఏ దేశమైనా వెళ్ళొచ్చు అనగానే మా క్లాసువాళ్ళు ఆస్ట్రేలియా, సింగపూర్ అని ఎగబడ్డారు. నేను హనుమకొండలో ఒక చిన్న క్లినిక్ ఎంచుకున్నాను. భాష వచ్చు కదా అని ధీమా.

ఆ ధీమా రైలు రఘునాథపల్లి దాటేదాకా ఉంది.

విమానం ఆదివారం పొద్దున్నే దిగింది. విమానాశ్రయం నుంచి సికింద్రాబాద్‌ స్టేషన్‌కు బస్సులున్నాయి, సామాను ఎక్కువగా ఉన్నవాళ్ళకు అదే నయం. పదకొండు దాటాక రైలు కదిలింది. ఎదురు సీటులో ఒక పెద్దావిడ డబ్బా విప్పుతూ నన్ను పలకరించింది.

"ఏడికి పోతానవమ్మా?"

"కాజీపేటండి."

"ఆంధ్రనా?"

"కాదండి, మలేషియా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మలేషియాల గూడ ఆంధ్రోళ్ళేనా!" అంది. రైలు పెట్టె పెట్టెంతా నవ్వింది. నేనూ నవ్వానుగానీ మొహం చిన్నబోయింది. నా సొంత భాషలోనే నేను పరాయిదాన్నని ఎవరూ నాకు ముందు చెప్పలేదు మరి! ఆవిడ మాత్రం ఆగలేదు. చపాతీలో టమాట తొక్కు చుట్టి చేతిలో పెట్టింది. మలేషియాలో కారం తినడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరు ఆ రైల్లోనే పోయింది, కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి.

కాజీపేటలో క్లినిక్ సీనియర్ ఫర్హానా మేడమ్ స్కూటీ మీద వచ్చారు. పెద్ద సూట్‌కేసును ఆటోలో పంపించి నన్ను వెనక కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ ఇంటి మేడమీద గదే నాకు బస. రెండు రోజులు కాలుకాలిన పిల్లిలా తిరిగాను. నా ఛార్జర్ పిన్నులు ఇక్కడి ప్లగ్గులో పట్టవు. బాత్రూంలో ఏ నల్లా తిప్పితే ఏ నీళ్ళొస్తాయో తెలియదు. చాయ్ అంటే ఇంత చిన్న కప్పు. సోమవారం రాత్రి భోజనం దగ్గర కంచంలో వేలు పెట్టి గీతలు గీస్తుంటే, "ఇల్లు యాదికొస్తాందా? జర తిను ముందు. ఫికర్ చెయ్యకు, వారంల అంతా అలవాటైతది," అన్నారు మేడమ్. ఏడుపు ఆపుకోవడానికి ఇంకో ముద్ద అన్నం పెట్టించుకున్నాను.

మంగళవారం నుంచి నాకు ఇళ్ళకు వెళ్ళి వైద్యం చేసే పని అప్పగించారు. వర్ధన్నపేటలో మల్లయ్య అని ఒక రైతు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. క్లినిక్ నుంచి వచ్చి ఆయన్ని చూసే అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోవడంతో ఆ పని నా మీద పడింది.

వరంగల్ నుంచి ఖమ్మం వెళ్ళే రోడ్డు మీద పల్లెవెలుగు బస్సులో గంట లోపు ప్రయాణం. ఆడవాళ్ళకు బస్సు ఉచితమేగానీ, ఇక్కడి ఆధార్ కార్డు చూపించాలి. నేను పాస్‌పోర్టు తీశాను. కండక్టర్ దాన్ని తిరగేసి, "గిది నడువదమ్మా, టికెట్ తీసుకో," అన్నాడు. ఆ బస్సులో టికెట్ కొన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. వచ్చే విదేశీయులు చిల్లర దగ్గర పెట్టుకోండి.

మల్లయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, మాట కాస్త ముద్దగా వస్తుంది. భార్య లచ్చమ్మ మొదటే తేల్చి చెప్పింది. "ఐతారం దాక చూస్త బిడ్డా. గప్పటిదాక గిట్లనే ఉంటే మా తమ్ముడు ఆటో తెస్తడు, నాటుమందుకు తోల్కపోత." ఆదివారం వెళ్తే నలభై రోజులు అక్కడే ఉంచుతారట. మొదటి నెలల్లో కదిలించిన కాలూ చెయ్యే తిరిగి వస్తాయి. ఆ నెలలు పోతే మళ్ళీ తేవడం ఎవరి తరమూ కాదు.

నేను నేలమీద కూర్చుని ఆయన కుడి పాదం నా అరచేతుల్లోకి తీసుకున్నాను. "నెట్టండి పెదనాన్నగారూ, నన్ను గట్టిగా నెట్టండి."

ఆయన నెట్టలేదు. పాదం వెనక్కి లాక్కోవాలని చూశాడు. బలం లేక అది జారి నా భుజానికి తగిలింది. వెంటనే ఎడమ చెయ్యి లేచింది, సగంలో ఆగిపోయింది. ఎడమ చేత్తో ఎట్లా తాకి కళ్ళకద్దుకుంటాడు? కుడి చెయ్యేమో ఒళ్ళో పడి ఉంది.

"తప్పు బిడ్డా," అన్నాడు, కళ్ళలో నీళ్ళు. "ఆడపిల్లకు కాలు తాకిచ్చుడా? దండం పెడుదమంటె చెయ్యి లేకపాయె."

"ఇది వైద్యం కదండీ, పర్వాలేదు," అన్నాను.

"నీకు పర్వలేదు, మాకుంటది!" అంది లచ్చమ్మ. ఆ రోజంతా ఆయన నెట్టనే లేదు.

కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకోవడం మా ఇంట్లోనూ ఉంది. అయినా పుస్తకం చదివిన బుర్ర కదా, వెంటనే ఉపాయం కనిపెట్టింది. బుధవారం మేడమ్ ఇంట్లోంచి ఒక దిండు పట్టుకెళ్ళి, నా చేతులకీ ఆయన పాదానికీ మధ్య పెట్టాను. దిండును తన్నడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. కాలు బాగా నెట్టాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. గురువారం ఇంకా బాగా నెట్టాడు. చెయ్యి మాత్రం అట్లాగే పడి ఉంది. లేపండి అంటే కళ్ళు గట్టిగా మూసుకుని ప్రయత్నిస్తాడు, వేలు కూడా కదలదు. లచ్చమ్మ తమ్ముడికి ఫోన్ చేసి ఆటో మాట్లాడుకోవడం నా చెవుల్తో విన్నాను.

శుక్రవారం దిండు జారింది. మల్లయ్య మడమ వచ్చి నా గడ్డానికి తగిలింది. "అయ్యయ్యో!" అన్నాడాయన. గడ్డం రుద్దుకుంటూ పైకి చూద్దును కదా, ఆయన కుడి భుజం ముందుకు కదిలింది. మోచెయ్యి ఒళ్ళోంచి జారి మంచం పట్టె దాకా వచ్చింది. నేను వంద సార్లు లేపమంటే లేవని చెయ్యి!

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఆ చేతికి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క తొందర పనిని, దండం పెట్టడాన్ని, నేను దిండు అడ్డం పెట్టి మూడు రోజులు ఆపాను. బస్సులో వస్తూ నన్ను నేను తిట్టుకున్న తిట్లు మలయ్ భాషలో కూడా లేవు. రాత్రి మేడమ్‌కు చెబితే రొట్టె తుంచడం ఆపి, "అరె! అయితే రేపు దిండు ఇక్కడనే పెట్టి పో," అన్నారు.

శనివారం ఉత్త చేతులతో వెళ్ళాను. నేలమీద కూర్చుని పాదం పట్టుకున్నాను.

"దిండేది?" అన్నాడు మల్లయ్య.

"తేలేదు. నా మీదే నెట్టండి. తప్పనిపిస్తే కుడి చేత్తోనే దండం పెట్టండి, నేను ఇక్కడే కూర్చుంటా, ఎంతసేపైనా సరే."

"నీకు మతి ఉందా?" అని లచ్చమ్మ చేట పక్కన పడేసి లేచింది. ఆవిడ నా దగ్గరికి వచ్చేలోపే ఆయన నెట్టాడు, పాదం నా భుజాన్ని తాకింది. ఆయన మొహం ముడుచుకుపోయింది. భుజం కదిలింది. మోచెయ్యి కదిలింది. చెయ్యి వణుకుతూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ మంచం అంచు దాటింది. నేను కొంచెం ముందుకు వంగాను, అంతే. వేళ్ళు వచ్చి నా తల మీద పడ్డాయి. చెయ్యి కళ్ళకద్దుకునే దాకా లేవలేదు, గుండెల దాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఆయన దాన్ని అట్లాగే చూస్తుండిపోయాడు.

లచ్చమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి, "రేపు ఆటో తేకు," అంది. నాకు గిన్నెడు పెరుగన్నం పెట్టి, నేను తింటుంటే, "సోమారం జల్ది రా," అంది.

నాలుగున్నర బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మా దేశం నుంచి ఎవరైనా ఇటు వస్తే నేను చెప్పగలిగింది కొంచెమే. ప్లగ్గు పిన్ను తెచ్చుకోండి, తొక్కు కొంచెంగా వేసుకోండి, భాష వచ్చు కదా అని అన్నీ తెలుసనుకోకండి. మిగతాది వీళ్ళే చూసుకుంటారు.

ఇదంతా నెమ్మదిగా ఆలోచించుకుంటున్నాననే అనుకున్నాను. కళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి. పక్కన కూరగాయల సంచితో కూర్చున్నావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది బిడ్డా? దవాఖాన్ల ఎవరన్న ఉన్నరా?"

"లేదండి. చెయ్యి లేచింది. పక్షవాతం... ఇవాళ లేచింది."

"మంచిదే గద! ఎవరికి, మీ బాపుకా?"

మా పేషెంటుకి అని చెప్పాలి.

"మా పెద్దబాపుకి," అన్నాను.