వేంగి గోడ మీద ముగ్గురు

మొన్న ఏలూరులో కంటి డాక్టరు చుక్కల మందు వేసి, గంటసేపు దేన్నీ గట్టిగా చూడొద్దని చెప్పి పంపించాడు. రోడ్డు మీదికి వచ్చేసరికి ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. ఇళ్ల స్థలాలు అమ్మేవాళ్లు కట్టించినది. వేంగి మహానగరం బొమ్మ, కంప్యూటరులో చేయించినట్టున్నారు, నిండా పసుపు రంగు వెలుగు. గట్టిగా చూడొద్దన్నారు కాబట్టి టీ కొట్టు బల్ల మీద కూర్చుని నింపాదిగా చూశాను. గోపురాలు పద్నాలుగు. ఏనుగులు ఆరు. పడవలు మూడు. మనుషులు సున్నా. రెండోసారి లెక్కపెట్టినా సున్నాయే. ఏనుగుల మీద అంబారీలున్నాయి గాని వాటిలో ఎవరూ లేరు. పడవలు వాటంతట అవే నడుస్తున్నాయి. టీ కొట్టాయన "ఏవండీ, స్థలం గాని చూస్తున్నారా" అని అడిగాడు. లేదండీ, మనిషి కోసం చూస్తున్నాను అన్నాను. ఆయన నా కళ్ల వంక చూసి, జాలిపడి, అడగకుండానే ఒక బిస్కెట్టు ఇచ్చాడు. మనుషులు లేని నగరం బొమ్మని నేను క్షమించలేను. దానికి కారణం మా మేనత్త.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆవిడ సంగతి సగమే అర్థమవుతుంది. నేను పదో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. లెక్కలు మాత్రం వదల్లేదు. పాత పుస్తకాలు కొనుక్కుని, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నేర్చుకున్నాను. ఆకివీడు వైపు చేపల చెరువులు తవ్వుతుంటే ఎంత మట్టి తీశారో కొలిచి తేల్చడం నా పని. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి గాని, అప్పట్లో పలుగూ పారా పట్టిన మనుషులే తవ్వేవాళ్లు. తవ్వేటప్పుడు చెరువు మధ్యలో అక్కడక్కడ కాస్త నేలని ముట్టుకోకుండా వదిలేసేవాళ్లు. చుట్టూ మట్టి పోయాక అవి స్తంభాల్లా నిలబడేవి. వాటిని దిమ్మలు అనేవాళ్లం. దిమ్మ ఎత్తు కొలిస్తే చెరువు లోతు తెలుస్తుంది. పోయినదాని కొలత మిగిలినదాని దగ్గర ఉంటుందన్నమాట. అయితే కొందరు మేస్త్రీలు లోతు ఎక్కువ చూపించడానికి పొద్దున్నే వచ్చి, దిమ్మ నెత్తిన జానెడు మట్టి అతికించి, పైన గడ్డి పెళ్ల పరిచి, నీళ్లు చల్లి ఉంచేవాళ్లు. చూడ్డానికి ఆ గడ్డి అక్కడే పుట్టి పెరిగినట్టుండేది. నేను గునపంతో పక్కగా ఒక చెక్కు తీసేవాణ్ణి. జానెడు కింద పాత గడ్డి నల్లటి చారలా బయటపడేది. అలాంటి దిమ్మని లెక్కలోకి తీసుకునేవాణ్ణి కాదు, నాతో ఎంత తగవు పడినా సరే.

మా మేనత్త మిషను కాలంలో పెట్టిన ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు. ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన పెద్ద బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. ఎప్పుడో దొరసానులు ఊరు వదిలి వెళ్తూ బడికిచ్చిన సామానులో వచ్చింది. నిండా పాత నగరాలే. బబులోను, నీనెవె, రోము, మన హంపి కూడా. రాగి రేకుల మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలని చెప్పేది. ఆదివారం గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి, భోజనాలయ్యాక ఆవిడ ఆ పుస్తకం తెరిస్తే నేను స్కేలు తెచ్చుకునేవాణ్ణి. ప్రతి బొమ్మలోనూ కూలిన గోడ పక్కన చిన్న మనిషి ఒకడుంటాడు. తలపాగా, చేతికర్ర, పక్కన రెండు మేకలు. అతను ఎందుకున్నాడని అడిగితే, గోడ ఎంత ఎత్తో మనకి తెలియడానికి అంది. అంతే, నాకు పని దొరికింది. మనిషిని ఐదున్నర అడుగులనుకుని గోడలూ స్తంభాలూ అన్నీ కొలిచేశాను. ఒకే ద్వారాన్ని ఇద్దరు చిత్రకారులు వేసిన బొమ్మలు పక్కపక్క పేజీల్లో ఉండేవి. ఒకదానిలో ద్వారం అరవై అడుగులు తేలింది, రెండోదానిలో నూటపది. నా లెక్కే తప్పనుకుని మూడుసార్లు చేశాను. ద్వారం పెరగలేదు. మనిషే తగ్గాడు.

ఆ సంగతి చెప్తే అత్తయ్య చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక, ఆ తలపాగా మనిషి పేరేమిటో వేసినాయన అడిగి ఉంటాడా అంది. మొత్తం పుస్తకంలో ఆవిడకి నిజంగా నచ్చింది ఒక్కటే, బాబెలు గోపురం కడుతున్న బొమ్మ. దాన్ని వేసినాయనకి ఆ గోపురాన్ని చూసే వీలే లేదు. అందుకని తన ఊళ్లో మేస్త్రీలనే, వాళ్ల టోపీలతో, వాళ్ల బూట్లతో తెచ్చి అక్కడ పనిలో పెట్టేశాడు. తెలియనిచోట తెలిసినవాళ్లని పెట్టాడు, నిజాయితీపరుడు అనేది. రాయి మోసేవాడికి చెమట పట్టింది చూడమని వేలు పెట్టి చూపించేది. నాకు చెమట కనపడలేదు గాని ఒప్పుకున్నాను.

నాకు పాతికేళ్లప్పుడు, బడి ఉత్సవాలు వస్తున్నాయని కరస్పాండెంటుగారు హాలు గోడ మీద వేంగి నగరం వేయమని ఆవిడకి చెప్పారు. గోడ పద్దెనిమిది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు. ఆనాటి వేంగే ఇప్పటి పెదవేగి, ముందు అది చూసి రావాలంది. ఒక శనివారం నా స్కూటరు మీద తీసుకెళ్లాను. దారి పొడుగునా ఆయిల్ పామ్ తోటలే. పాత రాజధాని ఎక్కడని అడిగితే, ట్రాక్టరు మీద పోతున్న ఒకాయన మేం నిలబడ్డ చోటునే చూపించి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అదొక దిబ్బ. తుప్పల మధ్య పాత ఇటుకల వరసలు. టేపు తీసి కొలిచాను. ఇటుక మన ఇటుకకి రెట్టింపు పొడవుంది. గోడ మిగిలింది మాత్రం నా మోకాలి దాకా, ఇరవై రెండు అంగుళాలు. ఆ గోడ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు క్యారేజీలు విప్పుకున్నారు. పక్క తోటలో రాలిన పామ్ పండ్లు ఏరే పనికి వచ్చినవాళ్లు. ఒక పెద్దామె, ఆమె కోడలు, వాళ్ల ఎదురింటామె.

అత్తయ్య కాగితాలు తీసి పెన్సిలు మొదలుపెట్టేసరికి పెద్దామె గబగబా లేచి నిలబడింది.

"బొమ్మకి అడ్డమొచ్చామాండీ? జరుగుతామండీ," అంది.

"మీరు జరిగితే ఇక్కడ బొమ్మే లేదమ్మా. అలాగే ఉండండి," అంది అత్తయ్య.

ముగ్గురి పేర్లూ అడిగి, ఇంటిపేర్లతో సహా కాగితం అంచున రాసుకుంది. కోడలికి నవ్వాగలేదు, మా అత్తగారికి ఊడిన పన్ను కూడా వేస్తారాండీ అని అడిగింది. వేస్తానంది అత్తయ్య. వేసింది కూడా. పెద్దామె అలా నిలబడే మాకు ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర క్యారేజీ మూతలో పెట్టింది. ఒకనాటి రాజధానిలో నేను తిన్న భోజనం అది.

మూడు వారాల్లో గోడ పూర్తయింది. వెనకాల ఆకాశం, పామ్ చెట్లు, దూరంగా కొల్లేరు ఒక వెండి గీతలా. పెదవేగి నుంచి కొల్లేరు కనపడదండీ, దూరం లెక్క కుదరదు అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి, నిజమేనని గీత చెరిపేసింది. ఆవిడ చెరపదని కాదు, తప్పయితే చెరిపేది. మధ్యలో ఇటుక గోడ, కొలత ప్రకారం ఇరవై రెండు అంగుళాలు. గోడ మీద ఇద్దరు కూర్చుని, పక్కన పెద్దామె నిలబడి. ఎంత మనిషికి అంత బొమ్మ.

కరస్పాండెంటుగారు మంచి మనిషే. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. బొమ్మ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. "వేంగి అంటే కోటలుండాలి కదండీ టీచర్‌గారూ. వచ్చే పెద్దలకి కూలివాళ్ల క్యారేజీలు చూపిస్తామాండీ?" అన్నారు. నేను చూసిన వేంగి ఇదేనండీ అంది ఆవిడ. ఆయన సోమవారం దాకా గడువు ఇచ్చారు. ఆడవాళ్లని తీసేసి కోటలు వేస్తే బొమ్మ ఉంటుంది. లేదంటే గోడంతా సున్నం.

నాకు భయం వేసింది. ఎలాగైనా ఆ బొమ్మ బతకాలి. కాగితం తీసుకుని కూర్చున్నాను. గోడ మొత్తం నూట అరవై రెండు చదరపు అడుగులు. ముగ్గురు ఆడవాళ్లూ కలిసి ముప్పై కూడా లేరు. వాళ్లని తీసేయక్కర్లేదు, ఒక్కొక్కరినీ జానెడు చేస్తే చాలు. ఆ ఇటుక గోడే వాళ్ల పక్కన కోటంత కనిపిస్తుంది. కరస్పాండెంటుగారికి కోట దొరుకుతుంది, మీకు మనుషులు మిగులుతారు, రెండు రోజుల పని అని గీసి మరీ చూపించాను. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

ఆవిడ కాగితం చూసి కళ్లజోడు తీసేసింది.

"దిమ్మ మీద మట్టి అతికిస్తే నువ్వేం చేస్తావురా?"

"లెక్కలోకి తీసుకోనండీ."

"ఎంత తగవైనా?"

"ఎంత తగవైనా."

"మరి నన్ను అతికించమంటున్నావేంటి?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పుస్తకంలోని చిత్రకారులు చేసిందేమిటో నాకు అప్పుడు తెలిసింది. ఎప్పుడో పోయిన రాజుగారి గొప్ప యాభై అడుగులు పెరగాలంటే, బతికున్న మేకల కాపరి ఎత్తు సగానికి తగ్గాలి. చూసేవాళ్లు రాజుగారి కోసం నిట్టూరుస్తారు. కాపరి ఎత్తు ఎవరు కాజేశారని ఒక్కరూ అడగరు. ఇప్పుడైతే ఆ మాత్రం శ్రమ కూడా లేదు, మనిషిని మొత్తానికే తీసేస్తున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ నన్ను పెదవేగి పంపి ముగ్గురినీ ఆటోలో రప్పించింది. మంచి చీరలు కట్టుకుని వచ్చారు. బొమ్మలో ఉన్నవి పని చీరలు. ముందే చెబితే పెళ్లి చీర కట్టుకునేదాన్ని కదండీ అని కోడలు బాధపడింది. ఎదురింటామె తన బొమ్మ చేతి గాజులు లెక్కపెట్టి, సరిపోయాయని తృప్తి పడింది. ఆమె నాకు ఆ క్షణం నుంచి నచ్చింది. పెద్దామె తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, తన బొమ్మ పక్కన వీపు ఆనించి నిలబడి, కొలవమన్నట్టు నా వంక చూసింది. కొలిచాను. నాలుగు అడుగుల పదకొండు అంగుళాలు. బొమ్మా అంతే.

అప్పుడే కరస్పాండెంటుగారు వచ్చారు. అత్తయ్య ముగ్గురినీ పేరు పెట్టి, చివర గారు చేర్చి పరిచయం చేసింది. ఆయన నమస్కారం పెట్టి, కుర్చీలు వేయించి, టీ తెప్పించారు. పెద్దామె టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, సున్నం వేయిస్తారంట కదండీ అని అడిగింది. ఆయన అవునని తల ఊపారు.

"మీ బడి, మీ ఇష్టమండీ," అంది ఆమె. "పెదవేగిలో గోడ దగ్గర నుంచి మాత్రం మమ్మల్ని ఎవరూ తీయలేరండీ. రేపు మధ్యాహ్నం కూడా మేం అక్కడే తింటాం."

సోమవారం సున్నం పడింది. నేను వెళ్లి నిలబడి చూశాను. ఇద్దరు మనుషులు, మూడు పూతలు. రెండో పూత దాకా పెద్దామె చీర ఎరుపు మొండికేసింది. ఆ నెల నుంచే అత్తయ్య డ్రాయింగు పీరియడ్లు వారానికి పన్నెండు నుంచి నాలుగుకు తగ్గించి, చేతికి లైబ్రరీ తాళాలిచ్చారు. ఆవిడ తాళాలు తీసుకుంది. ఉత్సవానికి నాలుగు రోజుల ముందు, గోడ బోసిగా ఉంది, పోనీ ఒక పూల తొట్టి వేయమని కబురొచ్చింది. "అక్కడ బొమ్మ ఉందండీ," అని జవాబు పంపింది. ఆగస్టు పదిహేనుకి దేశపటం వేయమన్నారు. అక్కడ బొమ్మ ఉందండీ. క్రిస్మసుకి బేత్లెహేము అడిగారు. అదే మాట. కోపం లేదు, వెటకారం లేదు, కుర్చీలో ఎవరో కూర్చున్నారండీ అని చెప్పినట్టు చెప్పేది. విసిగిపోయి బయటి పెయింటరుని పిలిపించారు. అతను నిచ్చెన తెచ్చుకుని, మర్యాదకి ఆవిడతో ఒక మాట చెబుదామని లైబ్రరీకి వెళ్లాడు. తిరిగొచ్చి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మూడేళ్లకి ఆవిడ ఉద్యోగ విరమణ. అదే హాలులో, అదే తెల్లగోడ ముందు కుర్చీ వేసి శాలువా కప్పారు. కరస్పాండెంటుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, వెనక్కి తిరిగి గోడ వంక చూశారు. "టీచర్‌గారి వెనకాల ఇంకో ముగ్గురున్నారండీ. అది నాకు తెలుసు," అన్నారు. పిల్లలకి అర్థం కాలేదు. అత్తయ్య లేచి మైకు దగ్గరికి వెళ్లి, మూడు పేర్లు, ఇంటిపేర్లతో సహా చదివి, వచ్చి కూర్చుంది. ఆ రోజు ఆవిడ చేసిన ప్రసంగం అంతే.

అత్తయ్య పోయి తొమ్మిదేళ్లయింది. ఆ హాలుకి తర్వాత ఎన్ని రంగులు మార్చారో నేనూ లెక్క తప్పాను. మిగతా మూడు గోడల మీదా బొమ్మలొచ్చాయి, ఆ ఒక్కటీ ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లకి తెలియదు. అలా వదిలేయడం అలవాటని మాత్రం చెప్తారు. కాలం దేన్నయినా తనకి నచ్చినట్టు తిరగరాసుకుంటుందంటారు గాని, ఆ గోడ ముందు మాత్రం ఇరవై ఏడేళ్లుగా ఆ కాలమే కుంచె పట్టుకుని, ఆవిడ అనుమతి కోసం నిలబడే ఉంది.