నాన్న గొంతులో ప్రార్థన

మాది బేతంచెర్ల. పాప చంకలో ఉండగానే మా ఆయన కువైట్‌కు డ్రైవరుగా వెళ్ళాడు. వెళ్ళిన కొత్తలో వాట్సాప్‌లో ఒక ప్రార్థన రికార్డు చేసి పంపాడు. రోజూ సాయంత్రం నేను బండల ఫ్యాక్టరీ నుంచి రాగానే పాప ముందు అది పెట్టి, వంటకు పోయేదాన్ని. ఇంట్లో భక్తి నేర్పడమంటే అంతే అనుకున్నాను. రానురాను ఆయన ఫోన్లు తగ్గిపోయాయి. ఆ ప్రార్థన మాత్రం ఆగలేదు.

పాప ఒకటో తరగతిలో ఉండగా మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం. ఇల్లంతా సంఘంవాళ్ళే. పాస్టరుగారు, "పాపా, చిన్న ప్రార్థన చెయ్యమ్మా" అన్నారు. పాప నా ఫోన్ తెచ్చి, ఆయన ముందు పెట్టి నొక్కింది.

"ప్రభువా, మా పాపకు పళ్ళొచ్చేటప్పుడు జరం రాకుండా కాపాడయ్యా" అంది మా ఆయన గొంతు.

అందరూ పాపను చూశారు. దాని ముందుపళ్ళు రెండూ అప్పటికే ఊడిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. "బిడ్డకు నువ్వేమీ నేర్పీలేదా మే?" అంది పక్కింటి పెద్దామె. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక్కదాన్నే ఎన్నని చూసుకోను అని అరవాలనిపించింది.

అందరూ వెళ్ళాక ఫోన్ పక్కన పెట్టి, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేనే ప్రార్థన మొదలుపెట్టాను. రెండు మాటలు అన్నానో లేదో పాప తలెత్తి నన్ను చూసింది.

"నీకు గూడా ప్రార్థన వస్తాదామ్మా?" అని పాప ఆశ్చర్యపోయింది. తర్వాత తానే కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నా పళ్ళు ఊడినాయని మా నాయనకు చెప్పు."

ఆమేన్ అనడానికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమేన్ అన్నాను.