అన్నయ్య కోసం తెచ్చిన వైన్

ఎనభైల మొదట్లో, ఒహాయోలో ఒక బస్ స్టేషన్‌లో మంచు వల్ల ఆగిపోయాను. పక్కన కూర్చున్న ఫ్రెంచి ఆవిడ ఒళ్లో వైన్ సీసా ఉంది.

"మా ద్రాక్షతోటది. పురుగుమందులు కొట్టం. ఆవుకొమ్ములో పేడ నింపి మట్టిలో పాతిపెట్టి, తర్వాత నీళ్లలో కలిపి చల్లుతాం. ఆసుపత్రిలో ఉన్న మా అన్నయ్య ఇదొక్కటే అడిగాడు," అంది.

బస్సు ఆలస్యమని చెప్పడానికి ఆసుపత్రికి ఫోన్ చేసి వచ్చింది. తర్వాత బిరడా తీసి, కాగితం కప్పులో కొంచెం పోసి నాకిచ్చింది.

"పొద్దున్నే పోయాడట. మీరైనా తాగండి."

మా ఇంట్లో ఎవరూ ముట్టరు. నేనూ అంతవరకూ ముట్టలేదు. కాదనలేక తాగాను. వగరుగా ఉంది.

"ఎలా ఉంది?" అని ఆత్రంగా అడిగింది.

"చాలా బాగుందండీ," అన్నాను.

అప్పటిదాకా దుఃఖాన్ని బిగపట్టుకున్న ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.